వీఎం డిస్కు నత్తనడక: ఎక్కడ ఇరుక్కుందో పట్టుకుని విడిపించడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో నేను ఒకప్పుడు ఉన్న పీజీలోనే ఇప్పుడు ఉంటున్న తమ్ముడొకడు ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. "అన్నా, ఎస్‌పీ రోడ్డుకి వెళ్తున్నా. ఇంకో 16 జీబీ ర్యామ్ వేయిద్దామని. నువ్వూ వస్తావా?" ఎందుకురా అంటే కథ చెప్పాడు. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, దాని మీద వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు, అంటే కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ (వర్చువల్ మెషిన్, పొట్టిగా వీఎం). డెవాప్స్ నేర్చుకుంటున్నాడు. టిఫిన్‌కి ముందు పెట్టిన అప్‌డేట్, ఇడ్లీ తిని, బట్టలు ఉతికి ఆరేసి వచ్చినా ఇంకా "అన్‌ప్యాకింగ్" దగ్గరే ఉందట. ర్యామ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మిషన్ చూపించు అని వెళ్లాను.

టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ ఖాళీగా కూర్చుంది. మెమరీ సగం కూడా నిండలేదు. "డిస్క్ 1" గ్రాఫ్ మాత్రం 100 శాతం దగ్గర పైకప్పుకి అతుక్కుపోయి ఉంది. ర్యామ్ కొని ఉంటే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే అయ్యేది.

ఆ రోజు వాడి మిషన్ మీద చేసిన పనినే ఇక్కడ వరసగా రాస్తున్నాను. లినక్స్ హోస్ట్ మీద కేవీఎం (లినక్స్ కెర్నల్‌లోనే ఉండే వీఎం సదుపాయం) వాడేవాళ్లకి తేడా ఉన్న చోట అదీ చెబుతాను. బయట నడిచే అసలు ఓఎస్‌ని హోస్ట్ అనీ, లోపల నడిచేదాన్ని గెస్ట్ అనీ అంటాను. ఆప్షన్ల పేర్లు పలికినట్టు రాశాను. తెర మీద అవి ఇంగ్లీషు అక్షరాల్లోనే కనిపిస్తాయి.

ముందు ఇది బుర్రకెక్కాలి: అది డిస్కు కాదు, ఫైలు

గెస్ట్‌కి 50 జీబీ హార్డ్‌డిస్కులా కనిపించేది హోస్ట్ కంటికి ఒక పెద్ద ఫైలు, అంతే. వర్చువల్‌బాక్స్‌లో అయితే వీడీఐ, కేవీఎంలో క్యూకౌ2, వీఎంవేర్‌లో వీఎండీకే, హైపర్-వీలో వీహెచ్‌డీఎక్స్. గెస్ట్‌లో మీరు 4 కేబీ ఫైలొకటి సేవ్ చేశారనుకోండి. అది ముందు గెస్ట్ ఫైల్‌సిస్టమ్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి గెస్ట్ క్యాష్ (ర్యామ్‌లో తాత్కాలికంగా దాచే చోటు), గెస్ట్ డ్రైవర్, ఉత్తుత్తి కంట్రోలర్ (డిస్కుని కంప్యూటర్‌కి కలిపే భాగం) దాటి హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే సాఫ్ట్‌వేర్) చేతికి వస్తుంది. "ఈ బ్లాకు ఆ పెద్ద ఫైల్లో ఎక్కడుంది" అని అది పట్టీ చూసుకుంటుంది. ఆ తర్వాత హోస్ట్ ఫైల్‌సిస్టమ్, హోస్ట్ క్యాష్, మధ్యలో యాంటీవైరస్, చివరికి అసలు డిస్కు. ఇన్ని మజిలీలున్న దారిలో ఎక్కడ ఆగినా మీకు వినిపించే ఫిర్యాదు ఒక్కటే: "వీఎం స్లో".

కాబట్టి ఎక్కడ ఆగిందో తెలియకుండా సెట్టింగులు కెలకొద్దు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక కొలవండి.

అడుగు 1: కొలత

హోస్ట్ విండోస్ అయితే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ చాలు. గెస్ట్ లినక్స్ అయితే అచ్చం అలాంటి తెరే ఉండే కేడిస్క్‌మార్క్ ఉంది. దాని లోపల పని చేసేది ఎఫ్‌ఐఓ. లినక్స్ కెర్నల్‌లో బ్లాక్ లేయర్‌ని చూసుకునే జెన్స్ ఆక్స్‌బో రాసిన సాధనమే అది.

ఆ తెరలో అందరి కళ్లూ పై వరసలో ఉండే సీక్వెన్షియల్ అంకె మీదే పడతాయి. దాన్ని వదిలేయండి. చివరి వరస చూడండి: ర్యాండమ్ 4కే, క్యూ 1, థ్రెడ్ 1, అంటే ఎక్కడపడితే అక్కడ 4 కేబీ చొప్పున, ఒకసారికి ఒక్క పనే. ఓఎస్ బూట్ కావడం, ప్యాకేజీలు ఎక్కించడం, గిట్, ఎన్‌పీఎం, ఇవన్నీ వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్ల పనులు. వాటికి లెక్కలోకొచ్చేది ఆ చివరి వరసే.

ఎంత తేడా వస్తుందో కాగితం మీదే తేల్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఉండే 5400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్కు సెకనుకి 90 సార్లు తిరుగుతుంది, అంటే చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు తల కిందకి రావడానికి సగటున అర చుట్టు, అయిదున్నర మిల్లీసెకన్లు. తల పక్కకి జరగడానికి ఇంకో పది వేసుకోండి. ఒక్కో చిన్న పనికి 16 మిల్లీసెకన్లు అయితే సెకనుకి 60 పనులు. 60ని 4 కేబీతో గుణిస్తే 240 కేబీ. సెకనుకి పావు ఎంబీ! అదే డిస్కు ఒకే పెద్ద సినిమా ఫైలు కాపీ చేస్తే 100 ఎంబీ దాకా ఇస్తుంది. మా తమ్ముడి డీ డ్రైవ్‌లో చివరి వరసలో దశాంశ బిందువు ముందు సున్నా కనిపించినప్పుడు వాడు నమ్మలేదు, "సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోందన్నా" అన్నాడు. సాటా ఎస్ఎస్‌డీ అయితే ఇదే వరసలో పదుల ఎంబీలు వస్తాయి.

హోస్ట్‌లో ఒకసారి, గెస్ట్‌లో ఒకసారి కొలిచి నాలుగు అంకెలు రాసుకోండి: హోస్ట్ చదవడం, రాయడం, గెస్ట్ చదవడం, రాయడం. హోస్ట్‌లో కొలిచేది వీఎం ఫైలు ఉన్న డ్రైవ్ మీదే అయ్యుండాలి. సీ డ్రైవ్ కొలిచి, వీఎం డీలో పెట్టుకుని "హోస్ట్ బాగానే ఉంది" అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. కొలిచేటప్పుడు బ్రౌజర్ మూసేయండి. హోస్ట్‌ని కొలిచేటప్పుడు వీఎం ఆపేయండి.

ఎఫ్‌ఐఓ నేరుగా వాడగలిగినవాళ్లు ఇవి పెట్టండి: డైరెక్ట్ 1, బ్లాక్ సైజు 4కే, ఐఓ డెప్త్ 1, పద్ధతి ర్యాండ్‌రీడ్, తర్వాత ర్యాండ్‌రైట్, ఫైలు సైజు 4 జీబీ, సమయం 60 సెకన్లు. ఆ తర్వాత ఎఫ్‌సింక్ 1 పెట్టి రాయడం ఇంకోసారి కొలవండి. ఈ మూడో కొలత అడుగు 6లో పనికొస్తుంది. ఫైలు పేరు దగ్గర మీ హోమ్ ఫోల్డర్‌లోని ఒక కొత్త ఫైలు ఇవ్వండి. పొరపాటున డిస్కు డివైస్ పేరే ఇచ్చి రాసే టెస్ట్ నడిపితే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

రెండు మోసాలున్నాయి, జాగ్రత్త. డైరెక్ట్ 1 అనేది గెస్ట్ క్యాష్‌ని మాత్రమే దాటిస్తుంది. హోస్ట్ క్యాష్ దాని చేతుల్లో లేదు. గెస్ట్‌లో వచ్చిన అంకె హోస్ట్ ఎస్ఎస్‌డీ అంకె కంటే ఎక్కువ ఉందంటే మీరు కొలిచింది డిస్కుని కాదు, హోస్ట్ ర్యామ్‌ని. సంబరపడొద్దు. రెండోది, డీడీ కమాండ్‌తో సున్నాలు రాసి వేగం చూడటం. ఎన్నో ట్యుటోరియల్స్‌లో కనిపిస్తుంది కానీ చాలాసార్లు అది క్యాష్ వేగమే చూపిస్తుంది. పైగా మధ్యలో సున్నాలను గుర్తుపట్టి అసలు రాయకుండా వదిలేసే పొర ఒక్కటున్నా ఆ అంకెకి అర్థం లేదు.

ఎంత తేడా ఉంటే బెంగ పడాలి? నా లెక్క ఇది. సీక్వెన్షియల్‌లో గెస్ట్, హోస్ట్ దాదాపు సమానంగా ఉండాలి. 4కే, క్యూ 1లో గెస్ట్ సగానికి పడినా నేను పట్టించుకోను. ప్రతి చిన్న పనికీ గెస్ట్ నుంచి హైపర్‌వైజర్‌లోకి దూకి తిరిగి రావాలి, ఆ రుసుము తప్పదు. పదో వంతుకి పడిందంటే మాత్రం ఏదో ఒకటి ఇరుక్కుంది. హోస్ట్ అంకే అధ్వాన్నంగా ఉంటే గెస్ట్‌లో ఏం చేసినా లాభం లేదు, నేరుగా అడుగు 3కి వెళ్లండి.

అడుగు 2: తాబేలు ఉందా?

ఇది విండోస్ మీద వర్చువల్‌బాక్స్ వాడేవాళ్లకి మాత్రమే. వీఎం నడుస్తున్నప్పుడు దాని కిటికీ కింద కుడిమూల చిన్న చిన్న గుర్తులుంటాయి. వాటిలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. జోక్ కాదు, నిజంగానే తాబేలు వేశారు. వర్చువల్‌బాక్స్‌కి ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం నేరుగా దొరకలేదని దాని అర్థం. అప్పటికే విండోస్‌లోని హైపర్-వీ ఆ కుర్చీలో కూర్చుంది. వర్చువల్‌బాక్స్ దాని ద్వారా, దాని దయతో నడుస్తోంది. డిస్కు పని ప్రతిదానికీ గెస్ట్ బయటికి దూకాలన్నాను కదా, ఈ దారిలో ఆ దూకుడు ఇంకా ఖరీదు.

"నేను హైపర్-వీ ఎప్పుడూ పెట్టలేదే" అంటారు. డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) పెట్టినా, డాకర్ డెస్క్‌టాప్ పెట్టినా, విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌లో ఉన్నా అది లోపల నడుస్తూనే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ చివరిది చాలావరకు ఆన్ అయ్యే వస్తుంది. మా వాడి మిషన్‌లో డాకర్ డెస్క్‌టాప్ ఉంది. ఆర్నెల్ల కిందట ఎవరో యూట్యూబ్‌లో చెప్పారని పెట్టాడు, మళ్లీ తెరిచింది లేదు.

తీసేయాలంటే స్టార్ట్ మెనూలో "టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్" అని వెతికి, హైపర్-వీ, వర్చువల్ మెషిన్ ప్లాట్‌ఫామ్, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్ టిక్కులు తీసి రీస్టార్ట్ చేయాలి. తాబేలు ఇంకా పోకపోతే మెమరీ ఇంటెగ్రిటీ మిగిలింది. అది భద్రత కోసం ఉన్నది, కాబట్టి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మీ అంతట మీరు ముట్టుకోకండి, ఐటీ వాళ్లని అడగండి. ఇవి తీసేస్తే డబ్ల్యూఎస్ఎల్2 పనిచేయదని కూడా గుర్తుంచుకోండి.

నిజానికి లినక్స్ కమాండ్లు నేర్చుకోవడమే మీ పని అయితే వర్చువల్‌బాక్స్ మానేసి డబ్ల్యూఎస్ఎల్2లోనే ఉండిపోవచ్చు. ఒక్క షరతు: ప్రాజెక్టు ఫైళ్లు సీ డ్రైవ్‌లో పెట్టి లినక్స్ నుంచి వాడొద్దు. ఆ దారి 9పీ అనే నెట్‌వర్క్ తరహా ప్రోటోకాల్ మీద నడుస్తుంది, చిన్న ఫైళ్ల దగ్గర ప్రాణం తీస్తుంది. లినక్స్ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఆ బాధే లేదు.

అడుగు 3: ఆ ఫైలు ఎక్కడ పడుకుంది?

ఇంతకంటే ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఈ మొత్తం వ్యాసంలో లేదు. వీఎం ఫైలు ఎస్ఎస్‌డీ మీద ఉండాలి. మా వాడి ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ సీ డ్రైవ్, 1 టీబీ హార్డ్‌డిస్కు డీ డ్రైవ్. "సీ నిండిపోతుందని డీలో పెట్టానన్నా." అందరూ చేసే పనే.

ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్ పట్టుకుని లాగేయకండి. అలా చేస్తే వర్చువల్‌బాక్స్‌కి ఫైలు కనబడక గోల పెడుతుంది. వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేసి, జాబితాలో దాని పేరు మీద రైట్ క్లిక్ చేసి "మూవ్" నొక్కి కొత్త చోటు చూపించండి. సీలో చోటు లేకపోతే సినిమాలు, ఫోటోలు డీకి పంపండి, వాటికి హార్డ్‌డిస్కు హాయిగా సరిపోతుంది. ఎస్ఎస్‌డీని గొంతు దాకా నింపకండి. అయిదో వంతు ఖాళీ వదలడం నా అలవాటు.

ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్ కింద ఉండకూడదు. 50 జీబీ ఫైలులో ఒక్క అక్షరం మారినా సింక్ చేయడానికి అది పరుగెత్తుతుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో "కంప్రెస్" టిక్ ఉంటే తీసేయండి. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్స్ కింద వీఎంలున్న ఆ ఒక్క ఫోల్డర్‌ని చేర్చండి. మొత్తం డ్రైవ్‌ని చేర్చొద్దు, డౌన్‌లోడ్స్‌ని అసలే వద్దు.

లినక్స్ హోస్ట్ వాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి. ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్ మీద ఇబ్బంది లేదు. ఫెడోరా వర్క్‌స్టేషన్ 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి బీటీఆర్ఎఫ్ఎస్‌ని డిఫాల్ట్‌గా ఇస్తోంది. అది కాపీ-ఆన్-రైట్ పద్ధతి. పాత చోట తిరగరాయకుండా ప్రతి మార్పునీ కొత్త చోట రాస్తుంది. వీఎం ఫైలు మధ్యలో ఎక్కడపడితే అక్కడ మార్పులు జరుగుతూనే ఉంటాయి కాబట్టి కొన్నాళ్లకి ఆ ఫైలు ముక్కలు ముక్కలై పోతుంది. వీఎంల కోసం వేరే ఫోల్డర్ చేసి, ఖాళీగా ఉన్నప్పుడే దానికి సీహెచ్ఏటీటీఆర్ కమాండ్‌తో పెద్ద సీ గుర్తు తగిలించండి. ముందే ఉన్న ఫైలుకి పెడితే పనిచేయదు, కొత్తగా ఆ ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. దీనివల్ల ఆ ఫైళ్లకి చెక్‌సమ్ రక్షణ (డేటా పాడైతే పట్టుకునే లెక్క) పోతుంది, అది తెలిసే చేయండి.

కొత్త ఎస్ఎస్‌డీ కోసం ఎస్‌పీ రోడ్డు ఎక్కేవాళ్లకి చిన్న మాట. చవకరకం క్యూఎల్‌సీ (ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కే రకం) డ్రైవ్‌లు మొదట్లో రయ్యిమంటాయి. లోపలి వేగమైన క్యాష్ నిండగానే రాసే వేగం చతికిలబడుతుంది. రోజూ వీఎంలతో కుస్తీ పట్టేవాళ్లు టీఎల్‌సీ (సెల్‌కి మూడు బిట్ల రకం) అడిగి తీసుకోండి.

అడుగు 4: కంట్రోలర్

వర్చువల్‌బాక్స్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్‌లోకి వెళ్లి మీ వీడీఐ ఏ కంట్రోలర్ కింద వేలాడుతోందో చూడండి. ఐడీఈ అని ఉంటే మార్చాల్సిందే. ఐడీఈ ఒకసారికి ఒక్క పనే తీసుకుంటుంది. సాటాలోని ఏహెచ్‌సీఐ 32 పనుల దాకా వరసలో పెట్టుకుంటుంది. వీఎం ఆపి, డిస్కుని ఐడీఈ నుంచి విడదీసి, సాటా కంట్రోలర్ చేర్చి దానికి తగిలించండి. లినక్స్ గెస్ట్ అయితే ఏమీ అనకుండా లేస్తుంది. విండోస్ 7 లాంటి పాత గెస్ట్ నీలితెర వేయొచ్చు. వర్చువల్‌బాక్స్ వాళ్లకి ఈ అడుగు ఇంతే.

కేవీఎంలో కథ కాస్త పెద్దది. 2007లో 2.6.20 కెర్నల్‌తో కేవీఎం లినక్స్‌లోకి వచ్చింది. తర్వాతి ఏడాది మొదట్లో 2.6.24తో రస్టీ రస్సెల్ మొదలుపెట్టిన వర్టియో వచ్చింది. దాని ఆలోచన సూటిగా ఉంటుంది. నిజంగా లేని సాటా చిప్‌ని రిజిస్టర్‌తో సహా నటించి చూపించడం ఎందుకు? గెస్ట్‌కి తాను వీఎంలో ఉన్నానని తెలిసిపోనిద్దాం. ఇద్దరికీ కనిపించే మెమరీలో ఒక వరస పెట్టుకుని పనులు అందులో వేసుకుందాం. నటన తగ్గితే దూకుళ్లు తగ్గుతాయి. వర్ట్-మేనేజర్‌లో (కేవీఎం వీఎంల సెట్టింగులు చూపించే ప్రోగ్రామ్) డిస్క్ బస్ దగ్గర "వర్టియో" అని ఉంటే మీరు సరైన చోటే ఉన్నారు. లినక్స్ గెస్ట్‌ని సాటా నుంచి వర్టియోకి మారిస్తే డిస్కు పేరు ఎస్‌డీఏ నుంచి వీడీఏ అవుతుంది. ఏ డిస్కు ఎక్కడ తగలాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో యూయూఐడీలు (పేరు మారినా మారని గుర్తింపు సంఖ్యలు) ఉంటే ఫరవాలేదు, పాత పేర్లే రాసి ఉంటే ముందే దిద్దుకోండి.

విండోస్ గెస్ట్ దగ్గరే అందరూ తట్టుకుని పడేది. విండోస్‌లో వర్టియో డ్రైవర్ ఉండదు. బస్ మార్చి బూట్ చేస్తే "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని నీలితెర. డ్రైవర్ వేద్దామంటే విండోస్ లేవదు, విండోస్ లేవాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్నట్టు. దీనికి ఉపాయం ఒక బుల్లి డిస్కు:

1. వర్టియో-విన్ ఐఎస్ఓ దించుకుని వీఎంకి సీడీలా తగిలించండి. అసలు డిస్కుని సాటా మీదే ఉండనివ్వండి.
2. 1 జీబీ ఖాళీ డిస్కు ఒకటి కొత్తగా చేర్చండి. దాని బస్ మాత్రం వర్టియో.
3. విండోస్ లేపి, సీడీలోని గెస్ట్ టూల్స్ ఇన్‌స్టాలర్ నడపండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ 1 జీబీ డిస్కు కనిపించే దాకా ముందుకెళ్లొద్దు.
4. షట్‌డౌన్ చేయండి. బుల్లి డిస్కు పీకేసి, అసలు డిస్కు బస్‌ని వర్టియోకి మార్చండి. బూట్ ఆర్డర్‌లో దానికి టిక్ ఉందో లేదో చూసి లేపండి.

మొదలుపెట్టే ముందు వీఎం ఫైలు కాపీ ఒకటి పక్కన పెట్టుకోవడం మర్చిపోవద్దు.

అడుగు 5: షేర్డ్ ఫోల్డర్

డిస్కు కొలతలన్నీ బాగున్నా "గిట్ స్టేటస్" కొడితే ఆవులింత వచ్చేంత సేపు పడుతోందంటే కోడ్ ఎక్కడుందో చూడండి. హోస్ట్‌లోని ఫోల్డర్‌ని గెస్ట్‌కి షేర్ చేసి అందులో పనిచేస్తుంటారు. అది వర్చువల్ డిస్కు దారే కాదు. ఒక్కో ఫైలు తెరవడానికి, పేరు అడగడానికి, తేదీ చూడటానికి హోస్ట్‌కి కబురు పోయి రావాలి. నోడ్ మాడ్యూల్స్ లాంటి వేల ఫైళ్ల ఫోల్డర్‌ని అందులో పెట్టడం అంటే చేజేతులా చేసుకోవడమే. కోడ్ గెస్ట్ లోపల పెట్టండి. విండోస్‌లో కూర్చునే రాయాలంటే వీఎస్ కోడ్‌లో రిమోట్ ఎస్ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ ఉంది. షేర్డ్ ఫోల్డర్‌ని అటూ ఇటూ ఫైళ్లు విసురుకోవడానికి వాడుకోండి, చాలు.

అడుగు 6: క్యాష్, లేదా వేగానికి మీరు కట్టే వడ్డీ

ఇక్కడ తొందరపడొద్దు. ఈ సెట్టింగ్ మీ అంకెల్ని ఒక్క క్లిక్కుతో ఆకాశానికి ఎత్తగలదు, అందుకే ప్రమాదం.

ప్రోగ్రామ్ ఏదైనా ఫైలు రాస్తే మామూలుగా అది ర్యామ్‌లోకి పోతుంది, తీరిగ్గా డిస్కుకి చేరుతుంది. కానీ డేటాబేస్‌కి ఆ ధైర్యం చాలదు. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటివి ప్రతి లావాదేవీ చివర ఎఫ్‌సింక్ అని పిలిచి "ఇది డిస్కు మీద పడిందని మాట ఇచ్చే దాకా కదలను" అంటాయి. ఉబుంటు ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ కూడా అంతే, అందుకే మా వాడి అప్‌డేట్ ఆ హార్డ్‌డిస్కు మీద అంతసేపు పాకింది. ఆ మాటని గెస్ట్ ఫ్లష్ రూపంలో కిందకి పంపుతుంది. హైపర్‌వైజర్ ఆ ఫ్లష్‌ని నిజాయితీగా అసలు డిస్కు దాకా తీసుకెళ్తుందా, మధ్యలోనే "అయిపోయింది" అనేస్తుందా అన్నదే క్యాష్ సెట్టింగ్ తేల్చే సంగతి.

కేవీఎంలో ఇది తేటగా ఉంటుంది. "నన్" అంటే హోస్ట్ క్యాష్ వాడదు, ఫ్లష్ కిందకి వెళ్తుంది. "రైట్‌బ్యాక్" హోస్ట్ క్యాష్ వాడుతుంది, అయినా ఫ్లష్‌ని గౌరవిస్తుంది. "రైట్‌త్రూ" ప్రతి రాతనీ అప్పటికప్పుడు ఖాయం చేస్తుంది, నెమ్మది. "అన్‌సేఫ్" ఫ్లష్‌ని చెవిన పెట్టదు. ఎస్ఎస్‌డీ ఉంటే నా ఓటు "నన్"కి, దానితో ఐఓ మోడ్ "నేటివ్". హోస్ట్ క్యాష్ కూడా వాడితే ఒకే డేటా గెస్ట్ ర్యామ్‌లో ఒకసారి, హోస్ట్ ర్యామ్‌లో ఒకసారి కూర్చుంటుంది, 16 జీబీ మిషన్‌లో అంత దుబారా ఎందుకు? హార్డ్‌డిస్కు తప్ప గతి లేనివాళ్లకి "రైట్‌బ్యాక్" నయం.

"అన్‌సేఫ్"తో నాకు ఒక పాత లెక్క ఉంది. టెస్ట్ డేటాబేస్‌లో డేటా త్వరగా ఎక్కాలని ఆ మోడ్ పెట్టాను. గంట పని నిమిషాల్లో అయిపోయింది. మురిసిపోయి, తిరిగి మార్చడం మర్చిపోయాను. రెండు వారాలకి హోస్ట్ బిగుసుకుపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకున్నాను. మళ్లీ లేచాక డేటాబేస్ లేవలేదు. బ్యాకప్ ఎనిమిది రోజుల నాటిది. ఓఎస్ ఇన్‌స్టాల్ చేసేంతసేపూ, పారేసే వీఎంలకీ ఆ మోడ్ బ్రహ్మాండం, అంతకు మించి వద్దు.

వర్చువల్‌బాక్స్‌లో ఇది కంట్రోలర్ మీద ఉండే "యూజ్ హోస్ట్ ఐఓ క్యాష్" టిక్. కనిపించకపోతే సెట్టింగ్స్‌ని ఎక్స్‌పర్ట్‌కి మార్చండి. సాటాకి మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే వేగం కొట్టొచ్చినట్టు పెరుగుతుంది. అయితే గెస్ట్ పంపే ఐడీఈ, సాటా ఫ్లష్‌లను వేగం కోసం మామూలుగా పట్టించుకోమని వర్చువల్‌బాక్స్ మాన్యువల్‌లోనే రాసి ఉంది. క్యాష్ ఆన్‌లో ఉండి, ఫ్లష్ పట్టించుకోక, అదే సమయంలో కరెంటు పోతే ఏమవుతుందో పై పేరాలో చదివారు. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్‌లో, నేర్చుకోవడానికి వాడే వీఎంకి ఆన్ చేసుకోండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో వద్దు. అడుగు 1లో ఎఫ్‌సింక్‌తో తీసిన మూడో కొలత గుర్తుందా? అది ఎఫ్‌సింక్ లేని కొలతతో సమానంగా, హార్డ్‌డిస్కు మీద కూడా వేలల్లో వస్తోందంటే మధ్యలో ఎవరో అబద్ధం చెబుతున్నారు.

అడుగు 7: స్నాప్‌షాట్ల దొంతర

మా వాడి వీఎంలో స్నాప్‌షాట్స్ తెరిచాను. మెట్లు మెట్లుగా తొమ్మిది ఉన్నాయి. "బిఫోర్ డాకర్", "బిఫోర్ డాకర్ 2", "వర్కింగ్", "వర్కింగ్ నెట్‌వర్క్", "ఫైనల్", "ఫైనల్ కొత్తది"... ఏది ఎందుకు తీశాడో వాడికే గుర్తులేదు.

స్నాప్‌షాట్ తీసిన ప్రతిసారీ పాత ఫైలు గడ్డకట్టి, పైన కొత్త ఫైలు మొదలవుతుంది. ఆపై మార్పులన్నీ కొత్తదాంట్లోకే పోతాయి. ఒక బ్లాకు చదవాలంటే అది ఏ ఫైలులో ఉందో తేల్చుకోవాలి. ఒకప్పుడు పక్కపక్కనే ఉన్న డేటా తొమ్మిది ఫైళ్లలో చెల్లాచెదురవుతుంది. హార్డ్‌డిస్కు తల వాటి మధ్య గానుగెద్దులా తిరగాలి.

"డిలీట్ చేస్తే నా పనంతా పోతుందేమో అన్నా" అని భయపడ్డాడు. పోదు. స్నాప్‌షాట్ డిలీట్ చేయడం అంటే వెనక్కి వెళ్లే దారిని మూసేయడం, ఇప్పుడున్న స్థితి అలాగే ఉంటుంది. లోపల జరిగేది రెండు ఫైళ్లని కలపడం. దానికి సమయం, ఖాళీ చోటు రెండూ కావాలి, కాబట్టి వీఎం ఆపి, ఫోల్డర్ కాపీ తీసి, చార్జర్ పెట్టి, ఒక్కొక్కటే తీయండి. మధ్యలో మూత మూయొద్దు.

డైనమిక్‌గా పెరిగే డిస్కా, ముందే మొత్తం చోటు కేటాయించిన ఫిక్స్‌డ్ డిస్కా అని చాలామంది తెగ వాదిస్తారు. కొత్త చోట మొదటిసారి రాసేటప్పుడే తేడా: వీడీఐ 1 ఎంబీ చొప్పున, క్యూకౌ2 మామూలుగా 64 కేబీ చొప్పున చోటు తీసుకుంటూ పోతాయి. ఎస్ఎస్‌డీ మీద డైనమిక్ చాలు. హార్డ్‌డిస్కు మీద ఫిక్స్‌డ్ చేయండి, ఫైలు ముక్కలవకుండా ఉంటుంది.

అడుగు 8: గెస్ట్ లోపల

ఇప్పుడు ర్యామ్ సంగతి. గెస్ట్‌కి మరీ తక్కువ ఇస్తే అది స్వాప్ మొదలెడుతుంది, ఆ స్వాప్ ఉండేది మళ్లీ అదే వర్చువల్ డిస్కు మీద. లినక్స్‌లో వీఎంస్టాట్ నడిపి ఎస్ఐ, ఎస్ఓ గడులు చూడండి. పని చేస్తుండగా అవి సున్నా దాటి ఊగుతుంటే ఇంకో గిగా ఇవ్వండి. ఎక్కువ ఇచ్చినా చేటే, హోస్ట్ స్వాప్‌లోకి జారితే రెండు ఓఎస్‌లూ కలిసి మునుగుతాయి. 16 జీబీ విండోస్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు డెస్క్‌టాప్‌కి నేను 6 జీబీ ఇస్తాను.

వర్చువల్‌బాక్స్‌లో డిస్కు మీద "సాలిడ్-స్టేట్ డ్రైవ్" టిక్ పెట్టండి. గెస్ట్ తాను ఎస్ఎస్‌డీ మీదున్నానని తెలుసుకుంటుంది, విండోస్ గెస్ట్ అయితే ఉత్తుత్తి డిస్కుని డీఫ్రాగ్ చేస్తూ కూర్చోదు. కేవీఎంలో డిస్కార్డ్ మోడ్‌ని "అన్‌మ్యాప్" చేయండి. ఉబుంటు వారానికోసారి ట్రిమ్ పంపుతుంది, డిలీట్ చేసిన చోటు హోస్ట్‌కి తిరిగొస్తుంది.

బూట్ అయిన మొదటి పది నిమిషాలు డిస్కు ఉరుకులు పెడుతుంటే, ఉబుంటులో దానంతట అదే నడిచే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్, విండోస్‌లో సెర్చ్ ఇండెక్సింగ్, సిస్‌మెయిన్ ఏం చేస్తున్నాయో చూడండి. పాఠాల కోసం వాడే వీఎంలో ఇండెక్సింగ్ ఆపేస్తే నష్టమేమీ లేదు.

మూడు వీఎంలు ఒకేసారి కావాలంటే

ఆ రోజు స్నాప్‌షాట్లు కలవడానికి పెట్టి, పక్క సందులో ఆంధ్రా మెస్‌కి వెళ్లి భోంచేసి వచ్చాం. అప్పటికి ఆరు కలిశాయి. మిగతావి అయ్యాక వీఎంని సీ డ్రైవ్‌కి మార్చి, తాబేలుని తరిమి, అప్‌డేట్ మళ్లీ పెట్టాం. ఫిల్టర్ కాఫీ చల్లారేలోపు అయిపోయింది. వాడి మొహం వెలిగి వెంటనే అడిగిన ప్రశ్న: "అన్నా, అయితే ఇందులో మూడు వీఎంలు వేసి కుబర్నెటీస్ నడపొచ్చా?"

నడపొచ్చు. మూడిటికీ వేరువేరుగా ఉబుంటు ఇన్‌స్టాల్ చేయకు, ఒకటి శుభ్రంగా చేసి లింక్డ్ క్లోన్లు తియ్యి అన్నాను. ఒకే మూల ఫైలు, దాని మీద మూడు చిన్న ఫైళ్లు, 256 జీబీలో చోటు కలిసొస్తుంది. ఇవి కూడా లోపల స్నాప్‌షాట్ దొంతరలే కాబట్టి మళ్లీ వాటి మీద స్నాప్‌షాట్లు పేర్చొద్దు. మూడూ చదివేది ఒకే మూల ఫైలుని, అందుకే హోస్ట్ క్యాష్ ఆన్ చేయడానికి ఇక్కడ మంచి కారణం ఉంది: మొదటి వీఎం చదివినది మిగతా రెండిటికీ ర్యామ్ నుంచే దొరుకుతుంది. మూడిటినీ ఒకేసారి లేపకుండా, ఒకటి లాగిన్ తెరకి వచ్చాక ఇంకోటి లేపాలి. డెస్క్‌టాప్ లేని సర్వర్ ఉబుంటు వేస్తే ఒక్కోదానికి 2 జీబీతో మొదలుపెట్టొచ్చు.

అప్పటికీ ర్యామ్ చాలకపోతే వచ్చే ఆదివారం ఎస్‌పీ రోడ్డుకి ఇద్దరం వెళ్దామనుకున్నాం.